చేతులు వెనక పెట్టుకుని చెప్పిన పాఠం

ఈ సంగతి మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసేదాన్ని, అందులో కూడా రాయలేదు. డిగ్రీ అయ్యాక విజయవాడలో దొరికిన మొదటి ఉద్యోగాన్ని నేను పదకొండో రోజున మానేశాను. ఇంట్లో మాత్రం ఆ ఆఫీసు మూసేశారని చెప్పాను. ఆఫీసు బాగానే ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. మొదటి రోజు ఒక మేడమ్ నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, పార్సిళ్ల వివరాలు ఎలా ఎక్కించాలో గబగబా చూపించి వెళ్లిపోయారు. నాకు సగం కూడా తలకెక్కలేదు. మళ్లీ అడగడానికి నోరు రాలేదు. రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూ పది రోజులు తోచినట్టు చేశాను. పదకొండో రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని బస్టాండుకు నడిచి తణుకు బస్సు ఎక్కేశాను.

అది జరిగి ఏడాదిన్నర. అప్పటినుంచి సాయంత్రాలు వీధిలో పిల్లలకు ట్యూషన్ చెప్పడం, మిగతా పొద్దంతా గదిలో పుస్తకాలు చదువుకోవడం. ఇలా ఉంటే ఎలాగని అమ్మ నన్ను నాలుగు రోజులు పిన్ని దగ్గరికి పంపింది. పిన్ని వాళ్లది హైదరాబాదుకు ఉత్తరపు కొసన మేడ్చల్. అక్కడికి విహారానికి ఎవరూ వెళ్లరు. నేను వెళ్లి వచ్చి వారమైంది, ఇంకా నా కాళ్లు నేల మీద ఆనడం లేదు.

మేడ్చల్: గేటు లోపల గోదావరి

సరళ పిన్ని వాళ్లుండేది కొత్తగా కట్టిన అపార్టుమెంట్ల కాలనీ. బాబాయి మందుల కంపెనీలో పనిచేస్తారు. ఆ కాలనీలో సగం మంది మావైపు వాళ్లే కాబట్టి లిఫ్టులోనే రెండుసార్లు "ఏ ఊరండీ మీది?" అనే ప్రశ్న ఎదురైంది. మూడో అంతస్తులో ఒకావిడ మా తణుకు పేరు వినగానే నా చేతిలో పూతరేకు పెట్టేసింది. తణుకు నుంచి వచ్చినదాన్ని, మేడ్చల్లో పూతరేకు తిన్నాను.

గేటు దాటితే మాత్రం వేరే లోకం. మా ఊళ్లో పదేళ్ల పిల్లాడిని కూడా కొత్తవాళ్లయితే "మీరు" అంటాం. ఇక్కడ కూరగాయలామె బాబాయిని "నువ్వేం తీస్కుంటవ్?" అంది, ఎంతో ఆప్యాయంగా. వచ్చిన కొత్తలో బాబాయికి ఆ పిలుపు మింగుడుపడలేదట. ఇప్పుడు ఆమె ఎప్పుడైనా "సార్, మీరు" అంటే తన మీద కోపం వచ్చిందేమోనని కంగారుపడతారట. హైవే పక్క హోటల్లో ఇరానీ చాయ్ ఇరవై రూపాయలు. మా ఊళ్లో ఆ డబ్బుకు రెండు టీలు వస్తాయి గానీ, ఇంత చిక్కటిది ఒక్కటి కూడా రాదు.

రాత్రి భోజనాల దగ్గర పిన్ని హఠాత్తుగా నన్ను అడిగింది, నీకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చా అని. రాదన్నాను. ఎప్పుడూ పట్టుకోలేదా? లేదు. స్విచ్ బోర్డు లోపల ఎలా ఉంటుందో చూశావా? చూడలేదు, భయం. నా చేతకానితనం విని ఒక మనిషి మొహం అంతలా వెలగడం నేను అంతకుముందు చూడలేదు.

"నువ్వు దేవుడు పంపిన మనిషివే. ఎల్లుండి శామీర్‌పేటలో నీతో పనుంది" అంది పిన్ని.

పిన్ని వారానికి మూడు రోజులు శామీర్‌పేటలో ఒక శిక్షణ కేంద్రానికి వెళ్లి ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతుంది. అక్కడ ఉండేది చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు, పద్దెనిమిదేళ్లు నిండి అనాథాశ్రమాల నుంచి బయటికి రావలసినవాళ్లు, ఇంట్లో ఉంటే ఏమైపోతారో తెలియనివాళ్లు. ఒక విడతకు పన్నెండు మంది. ఆరు నెలలు అక్కడే ఉండి ఇళ్లకు కరెంటు వైరింగ్ చేయడం నేర్చుకుంటారు. అందులో ఒక అమ్మాయికి ఆఖరి పరీక్ష మిగిలిపోయింది. ఆ పరీక్షకు పని బొత్తిగా రాని మనిషి ఒకరు కావాలట. ఎందుకో పిన్ని చెప్పలేదు. ముందురోజే వెళ్లి అన్నీ చూసుకుని రమ్మంది.

బస్సులో, దారి తప్పాక

మర్నాడు పిన్ని పొద్దున్నే వెళ్లిపోయింది. నేను పదింటికి బస్సెక్కాను. ఇక్కడ ఆడవాళ్లకు టికెట్ లేదు గానీ ఆధార్ చూపించాలి. కండక్టరమ్మ నా కార్డు తిప్పి చూసి, ఇది ఆంధ్రది, ఇక్కడ చెల్లదు, పైసలు తియ్యమంది. బస్సులో ఆడవాళ్లందరూ నావైపు తిరిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. పక్కసీటామె మాత్రం, బస్సంతటికీ టికెట్టు కొన్నది నువ్వొక్కదానివే, కిటికీ సీటు నీకే హక్కు అని నన్ను లోపలికి జరిపింది.

ఆ కిటికీయే నా కొంప ముంచింది. సంచిలోంచి పుస్తకం తీశాను. నా పుస్తకాలకు న్యూస్ పేపరు అట్టలు ఉంటాయి, ఏం చదువుతున్నానో ఎవరూ అడగకుండా. తలెత్తేసరికి శామీర్‌పేట దాటిపోయింది. గాభరాగా దిగి చూస్తే లాల్‌గడి మలక్‌పేట్ వైపు మలుపు. ఒకవైపు కొత్తిమీర మళ్లు, ఒకవైపు ప్లాట్ల హద్దురాళ్లు, మధ్యలో నేను.

ఖాళీ కొత్తిమీర గంపలు పక్కన పెట్టుకుని ఒక ముసలమ్మ ఎదురు బస్సు కోసం కూర్చుని ఉంది. ఎవలింటికి పోవాలె బిడ్డా అని అడిగింది. కేంద్రం గుర్తులు చెప్పాను.

"గా కరెంటు పోరగాళ్ల బడికా? నాగ్గుడ నేర్పిండ్రు" అంది అవ్వ. "కిందేస్తె మీద ఆర్తది. మీదేస్తె కింద ఆర్తది. మా కోడలుకు జెప్తె నమ్మది."

ఆమె వయసు డెబ్బై పైనే ఉంటుంది. నాకేమీ అర్థం కాలేదు, అడగనూ లేదు. నాకొక జామకాయ ఇచ్చి, వచ్చిన బస్సులో తన పక్కనే కూర్చోబెట్టుకుని, సరైన చోట దించింది.

శామీర్‌పేట: పని రానివాళ్లు దొరకని ఊరు

కేంద్రం అంటే పాత వడ్ల గోదాం. లోపల గోడల పొడవునా చెక్క బోర్డులు, వాటి నిండా స్విచ్‌లు, బల్బులు, రంగురంగుల వైర్లు. నడిపేది భూమయ్య సార్. లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. చూపుడువేలు మీద కాలిన మచ్చ ఉంది. మాట్లాడేటప్పుడు దాన్నే చూపిస్తూ మాట్లాడతారు.

అవ్వ చెప్పినదాని అర్థం అప్పుడు తెలిసింది. ఇక్కడ ఆఖరి పరీక్షలో విద్యార్థి పని చెయ్యడు. పని తెలియని మనిషిని ఒకరిని తెచ్చుకుని, గంటలో ఆ మనిషి చేత మేడమెట్ల లైటు వైరింగ్ చేయించాలి. అంటే కింద స్విచ్ ఒకటి, పైన స్విచ్ ఒకటి, రెండింటికీ కలిపి ఒకటే లైటు. కింద వేసుకుని పైకెక్కి, పైన ఆపుకోవాలి. గంటసేపూ విద్యార్థి చేతులు వెనక్కి పెట్టుకుని ఉండాలి. నోటితో ఎంతైనా చెప్పవచ్చు. చెయ్యి ముందుకొస్తే ఫెయిల్. పని చేసేవాడికి పని వచ్చో రాదో చూస్తే తెలియదు, ఇంకొకరికి చెప్పమంటే తెలుస్తుందని సార్ లెక్క.

కష్టమేమిటంటే, ఇన్నేళ్లుగా ఈ పరీక్ష జరిగీ జరిగీ శామీర్‌పేట బజారులో పని రానివాళ్లు మిగల్లేదు. పాలాయన, టైలరు, పూలామె, చివరికి కొత్తిమీర అవ్వ, అందరూ మేడమెట్ల లైటు పెట్టగలరు. అందుకే పిన్నికి నేనంత అపురూపమయ్యాను.

నాకు చెప్పబోయే అమ్మాయి నిచ్చెన మీద ఉంది. పేరు రేణుక. జడ మడిచి కట్టుకుంది, నోట్లో స్క్రూ పెట్టుకుంది. కిందికి దిగి, నమస్తే గిమస్తే ఏమీ లేకుండా నా చేతులు రెండూ పట్టుకుని తిరగేసి చూసింది.

"గోర్లు కత్తిరిచ్చుకో అక్కా. స్క్రూ తిప్పంగ ఇరుగుతయ్."

ఇది ఆమెకు రెండో అవకాశం, ఆఖరుది. మొదటిసారి చికెన్ కొట్టాయనను తెచ్చుకుంది. ఆయన నింపాదిగా, నవ్వుతూ, వైరు కొస ఒలవడానికే ఇరవై నిమిషాలు తీసుకున్నాడట. ఇంకా పది నిమిషాలుందనగా రేణుక ఆయన చేతిలోంచి కటింగ్ ప్లేయర్ లాగేసుకుంది. అక్కడికి అయిపోయింది. ఈసారి కూడా కాకపోతే ఆమె మంచం వచ్చే విడత పిల్లకు ఇచ్చేస్తారు. నెలాఖరుకు గది ఖాళీ చెయ్యాలి. పాసైతే మాత్రం, యాదగిరి మేస్త్రి అనే కాంట్రాక్టరు తన మనుషుల్లో చేర్చుకుంటానన్నాడు. పాసైన ఇద్దరు అమ్మాయిలు ఊళ్లో గది చూసి పెట్టుకున్నారు. మూడో చాప వేసుకునే చోటు ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం అందరితో కలిసి జొన్నరొట్టె, గుడాలు, పచ్చిపులుసు తిన్నాను. మావైపు రొట్టె అంటే అంగుళం మందాన దిబ్బరొట్టె. ఇది కాగితంలా ఉంది, చేతిలో పట్టుకుని చించుకోవాలి. గుడాలంటే తాలింపు పెట్టిన అలసందలు. పులుసు మాత్రం పొయ్యి మీద పెట్టనే పెట్టరు. చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికేసి చల్లగానే వడ్డించారు. అన్నం గుటుక్కున జారిపోయింది. రెండోసారి అడగాలనిపించింది, అడగలేదు. రేణుక నా గిన్నె చూసి తనే పోసింది.

జవహర్‌నగర్: గాలి ఎటు తిరిగితే అటు

మేస్త్రికి ఇవ్వడానికి రేణుక పదో తరగతి మెమో కావాలి. అది జవహర్‌నగర్‌లో వాళ్ల మామ దగ్గర ఉంది. ఒక్కదానికే వెళ్లబుద్ధి కావడం లేదని నన్ను తోడు తీసుకెళ్లింది.

నగరం చెత్తంతా చేరేది అక్కడే. గుట్ట కనపడకముందే వాసన వచ్చింది. ఆటోలో వాళ్లందరూ ఒకేసారి కొంగులు, రుమాళ్లు ముక్కులకు కట్టుకున్నారు. చివరకు నేను కూడా చున్నీ అడ్డం పెట్టుకున్నాను. రేణుక మాత్రం ఏమీ పెట్టుకోలేదు. "నాకు చిన్నప్పుడు ఈడ వాసనొస్తదనే తెల్వది. శామీర్‌పేటకు పోయినంక తెలిసింది" అంది.

ఆమె మామది పాత సామాను షెడ్డు. తల్లి పోయాక రేణుక పెరిగింది అక్కడే. ప్లాస్టిక్ ఒక పక్క, ఇనుము ఒక పక్క. మూలలో చిక్కుపడిపోయిన పాత కరెంటు వైర్ల కుప్ప. ఏడో తరగతి నుంచి రేణుక పని ఆ కుప్ప దగ్గరే. వైర్లు కాల్చి లోపలి రాగి తియ్యడం. పొగకు కళ్లు మండి బడికి వెళ్లని రోజులు ఎన్నో.

"వైరంటే కాలవెట్టి రాగి తీసుడే ఎరుక నాకు" అంది, కాలితో ఒక ముక్కను కదిపి. "దీంట్లకెంచి కరెంటు పోతదని, లైటు ఎలుగుతదని ఎన్నడు సోంచాయించలే."

ఆ మామ కోపిష్టి అనుకుని వెళ్లాను. అలాంటివాడు కాదు. మాకు స్టూళ్లు తుడిచి వేశాడు. మెమోను ప్లాస్టిక్ కవరులో చుట్టి బియ్యం డబ్బాలో భద్రంగా దాచి ఉంచాడు, తీసి ఆమె చేతికిచ్చాడు. నాకు చల్ల ఇచ్చాడు. మంచిగా చెయ్యి బిడ్డా, కాకపోతే మాత్రం బెంగపడకు, నీ జాగా నీకుంది అని ఆ కుప్ప పక్కన పీటను చూపించాడు. ఆమె చిన్నప్పటి పీట అది.

తిరుగు ఆటోలో రేణుక, "మామ తిడ్తె మంచిగుండు అక్కా. గట్ల మంచిగంటడు సూడు, అప్పుడు భయమైతది" అంది.

ఆ రాత్రి డైరీలో అదొక్కటే రాసుకున్నాను. గోళ్లు కత్తిరించుకుని పడుకున్నాను.

గంట పరీక్ష

మూడో రోజు. బోర్డు మీద సుద్దముక్కతో మెట్లు గీశారు. కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్, నడినెత్తిన బల్బు. పిల్లలందరూ చుట్టూ నేల మీద కూర్చున్నారు. పిన్ని కిటికీ దగ్గర నిలబడింది. యాదగిరి మేస్త్రి కూడా వచ్చాడు. పొట్టి మనిషి, జేబులో మూడు టెస్టర్లు. లాల్‌గడి మలక్‌పేట్‌లో కడుతున్న ఇళ్లకు ఒక మనిషి తక్కువున్నాడని, చూసి తీసుకుపోతానని అన్నాడు. ఆడపిల్ల నిచ్చెనలెక్కుతుందా అని సార్‌ను అడిగాడు. అడిగింది ఆమె వింటుండగానే.

సార్ గడియారం చూసి తల ఊపారు. రేణుక చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని చున్నీ కొసను గట్టిగా పట్టుకుంది.

వైరు కొస ఒలవడం నాలుగో ప్రయత్నానికి వచ్చింది. ఆ రాగి పోగులు బయటపడగానే నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. ఎప్పుడూ ముట్టుకోని వస్తువును నా చేతులతో నేనే విప్పుతున్నాను. స్క్రూ తిప్పుతుంటే అది కొరికి పట్టడం వేళ్లకు తెలుస్తోంది. రేణుక చెబుతోంది, ఎర్రది ఫేజు, కరెంటు తెచ్చేది, నల్లది న్యూట్రల్, బల్బుకు ఇయ్యి, స్విచ్‌కు మూడు కాళ్లున్నయి, నడిమి కాలు చూసుకో, పక్క కాళ్ల నుంచి పక్క కాళ్లకు రెండు వైర్లు. ఆమె మాటలు ఆమె చేతులంత వేగంగా వెళ్తున్నాయి. సమజైందా అంటోంది. అయింది అంటున్నాను. మళ్లీ సమజైందా. అయింది. ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. అన్న ప్రతిసారీ ఆమె మొహం కాస్త తేలికపడుతోంది, అది చూసి ఇంకోసారి అనేశాను.

నలభై నిమిషాలకు అయిందన్నాను. సార్ వచ్చి ప్రమాదమేమీ లేదని చూసి, మెయిన్ ఆన్ చేశారు.

కింద స్విచ్ వేశాను. బల్బు వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పైది నొక్కాను, ఆరింది. ఇంకా గట్టిగా చప్పట్లు. మళ్లీ కిందది నొక్కమన్నారు సార్. నొక్కాను. వెలగలేదు. రెండుసార్లు, మూడుసార్లు నొక్కాను. ఏమీ లేదు.

చప్పట్లు ఆగిపోయాయి. రేణుక ఒక్క చూపు చూసిందంతే, తప్పెక్కడుందో ఆమెకు తెలిసిపోయింది. ఆమె భుజాలు ముందుకు ఉలిక్కిపడ్డాయి. చెయ్యి వచ్చేసిందనే అనుకున్నాను. చున్నీ కొస పటపటమంది. చేతులు మాత్రం వెనకే ఆగాయి.

ఆమె మళ్లీ మొదలుపెట్టింది, అవే మాటలు, ఇంకా వేగంగా. పద్దెనిమిది నిమిషాలుంది అన్నారు సార్. మేస్త్రి లేచి ప్యాంటు దులుపుకున్నాడు. సమజైందా అక్కా, అంది రేణుక.

విజయవాడలో ఆ కంప్యూటర్ తెర నా కళ్ల ముందుకు వచ్చింది. ఈసారి లేచి బస్టాండుకు పోయేది నేను కాదు, ఈ పిల్ల.

"లేదు" అన్నాను. "నాకు అర్థం కాలేదు. మొదటినుంచీ కాలేదు."

రేణుక నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"మరి అయిందంటివి?"

"అన్నాను."

"ఎందుకన్నవే?"

"అలవాటు."

పిల్లలు పడీపడీ నవ్వారు. పిన్ని కూడా నవ్వేసింది. రేణుక నవ్వలేదు. ఉన్నట్టుండి నేల మీద మఠం వేసుకుని కూర్చుంది, చేతులు వెనకే. నన్ను కూడా కూర్చోమంది. సగం నిమిషం కళ్లు మూసుకుంది. నాకు ఆ సగం నిమిషం పోతున్నందుకు ప్రాణం కొట్టుకుపోతోంది.

"అక్కా, వైర్లు స్విచ్చులు ఇడిసిపెట్టు" అంది. ఈసారి మెల్లగా. "రెండూర్లనుకో. మేడ్చల్, శామీర్‌పేట. నడుమ రెండు తొవ్వలున్నయి. ఈ ఊరి కాడ ఒక గేటాయన, ఆ ఊరి కాడ ఒక గేటాయన. ఒక్కొక్కడు ఒక్క తొవ్వనే తెరుస్తడు. ఇద్దరు ఒకటే తొవ్వ తెరిస్తె బండి పోతది. ఒకడు ఇటు, ఒకడు అటు తెరిస్తె?"

"బండి ఆగిపోతుంది."

"అగో. ఎవడు మార్చినా బండి ఆగాలె, మళ్ల ఎవడు మార్చినా పోవాలె. ఇప్పుడు జెప్పు, బండిని ఏడికి తేవాలె?"

"గేటాయన దగ్గరికి."

"నడిమి కాలే గేటాయన. నువ్వు ఏడికి తెచ్చినవ్?"

బోర్డు వైపు చూశాను. ఎర్ర వైరు పక్క కాలికి ఉంది. బండిని గేటు దగ్గరికి తేకుండా తిన్నగా ఒక దారి మధ్యలో దింపేశాను. ఆ క్షణం నాకు కలిగిన ఆనందం ఏ పుస్తకం చదివినప్పుడూ కలగలేదు. స్విచ్‌ల లోపల ఇద్దరు మనుషులు గేట్లు మార్చడం కళ్లకు కట్టినట్టు కనిపించింది. "దారిలో దింపేశాను" అని అరిచాను. నిజంగా అరిచాను. పిన్ని ఆ సంగతి అప్పుడే అమ్మకు ఫోన్ చేసి చెప్పిందట.

ఎర్ర వైరు విప్పి నడిమి కాలికి వేశాను. పక్క కాళ్ల నుంచి పక్క కాళ్లకు రెండు తొవ్వలు. చివరి స్క్రూ బిగించాను. సార్ మెయిన్ వేశారు. కింద వేస్తే వెలిగింది. పైన నొక్కితే ఆరింది. కింద నొక్కితే వెలిగింది. పైన, కింద, పైన, పైన, కింద. ఎలా నొక్కినా మాట వింటోంది. నన్ను ఆపడానికి సార్ వచ్చి మెయిన్ తీసెయ్యాల్సి వచ్చింది.

మూడు నిమిషాలు మిగిలాయి. చెయ్యి ముందుకు రాలేదు. పాస్ అన్నారు సార్.

యాదగిరి మేస్త్రి మాత్రం తల అడ్డంగా తిప్పాడు. ఇక్కడ రెండోసారి చూసుకోవచ్చు, గోడలకు రంగులేశాక సైట్‌లో రెండోసారి ఉండదని అన్నాడు. నేను కల్పించుకున్నాను. మొదటిసారి తప్పు నాదండీ, అర్థం కాకుండానే అయిందన్నాను, రేణుకది కాదు అన్నాను. కొత్తవాళ్ల మధ్య ఒకే రోజు రెండుసార్లు నోరు విప్పడం అదే మొదలు.

భూమయ్య సార్ ఒప్పుకోలేదు. తప్పు రేణుకదే అన్నారు. సమజైందా అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు, అది తెలుసుకోవడమే ఈ పరీక్ష అన్నారు. రేణుక చేతులు ఇంకా వెనకే ఉన్నాయి, పరీక్ష అయిపోయిందన్న సంగతి మరిచిపోయింది. మేస్త్రి ఆ చేతులకేసి చాలాసేపు చూశాడు.

"రేపు ఎనిమిదింటికి సైట్ కాడికి రా" అన్నాడు. "ఒక్క దినం చూస్త."

లాల్‌గడి మలక్‌పేట్: కొత్త ఇళ్లు

నాలుగో రోజు నా తిరుగు ప్రయాణం సాయంత్రం. పొద్దున్న రేణుకతో పాటు నేనూ సైట్‌కు వెళ్లాను. ఆమె వద్దంటుందేమోనని భయపడ్డాను. రాకపోతే ఊకోను అంది.

వరుసగా ఒకేలాంటి ఇళ్లు, రంగులు లేవు, తలుపులు లేవు. ఇటుకల మీద కూర్చుని కూలీలు అంబలి తాగుతున్నారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు, చల్లగా, పుల్లగా ఉంది. దాన్ని తాగుతూ వెనక్కి అడుగు వేసి అప్పుడే పోసిన పచ్చి సిమెంటులో కాలు పెట్టాను. చెప్పు అందులోనే ఉండిపోయింది. తాపీమేస్త్రి తిడుతూనే తాపీతో దాన్ని పైకి తీసి, నా పాదముద్రను పూడ్చేశాడు.

రేణుకకు ఇచ్చిన పని మూడో ఇంట్లో మెట్ల దగ్గర. గోడలో పైపులు ముందే వేసి ఉన్నాయి, వాటిలోంచి వైర్లు లాగాలి. మెట్లకు పట్టుకోవడానికి గోడ ఇంకా కట్టలేదు. నాకు చూడడానికే కళ్లు తిరిగాయి. ఆమె నిచ్చెన భుజాన వేసుకుని పైకి వెళ్లిపోయింది. కింద నిలబడ్డ యాదగిరి మేస్త్రి, ఆ వైరు ఎక్కడినుంచి ఎక్కడికి రావాలో గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. పైనుంచి రేణుక, ఆగు మేస్త్రీ, నువ్వు చెప్పింది నేను చెప్త, తప్పైతే చెప్పు అని మొత్తం అప్పగించింది. ఒకచోట తప్పు వచ్చింది. తప్పు ఆమెది కాదు, మేస్త్రిది. ఆయన పక్క ఇంటి ప్లాను చూసి చెబుతున్నాడు.

మేస్త్రి కాసేపు ప్లాను కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అన్నాల వేళ వచ్చి, జేబులోని మూడు టెస్టర్లలో ఒకటి తీసి ఆమె డబ్బా మూత మీద పెట్టాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు. హెల్మెట్ ఇస్తా, బూట్లు మాత్రం సొంతవి తెచ్చుకోవాలి అన్నాడు.

రేణుక గెంతలేదు, అరవలేదు. చేతిలో ముద్ద తినేసి చెయ్యి కడుక్కుంది. తర్వాత ఫోన్ తీసి గదిలో ఉన్న ఇద్దరికీ, చాప కొనాలె, జల్దీ రాండ్రి అని చెప్పింది. ఆ తర్వాత మామకు చేసింది. పని దొరికింది అన్నాక అవతలినుంచి ఏం వినిపించిందో గానీ, గోడ అవతలికి వెళ్లిపోయి చాలాసేపటికి వచ్చింది. మొహం కడుక్కుని ఉంది. పీట ఎవరికైనా ఇచ్చెయ్యమని చెప్పానంది.

మూడింటికి నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చింది. దారి పొడవునా ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడాను. ఆ పని నాకే దొరికినంత సంబరంగా ఉంది. విజయవాడ సంగతి ఆమెకు చెప్పేశాను, పదకొండు రోజులూ. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. అడగకపోతివా అంది. లేదన్నాను. ఇగ అడుగు అంది, అంతే.

బస్సు వస్తుంటే ఆమె గబగబా దారి చెప్పింది. శామీర్‌పేట కాడ దిగాలి, వచ్చిన పక్కనే నిలబడకుండా రోడ్డు దాటి అవతలికి పోవాలి, మొదటి బస్సు అల్వాల్‌ది, అది ఎక్కకూడదు, దాని వెనకది మేడ్చల్ బస్సు. దుమ్ము లేస్తోంది, హారన్ మోగుతోంది, నేను ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి తల ఊపాను. ఆమె నా సంచి పట్టీ పట్టుకుని లాగింది. కండక్టరు విసుక్కుంటున్నా వదల్లేదు.

"గట్ల తలకాయ ఊపుడు గాదక్కా. నేనేం జెప్పిన్నో నువ్వు నాకు జెప్పు."